గంటకూ హార్మోనియానికీ ఒకటే దారం

ఏలూరు కాలవగట్టు చర్చిలో రికార్డుల గది తాళంచెవి ఎప్పుడూ నిర్మల బొడ్లోనే ఉంటుంది. ఆవిడ రిటైరైన టీచరమ్మ. అంతకుముందు ఆ తాళంచెవి ఆవిడ తండ్రి సుందరరావుగారిది. ఆయన చర్చి గుమాస్తా. ఒక వ్యవహారానికి సంబంధించినవన్నీ, ఉత్తరం కానివ్వండి, ఫొటో కానివ్వండి, చీటీముక్క కానివ్వండి, ఒక్కచోట చేర్చి, దబ్బనంతో మూడు పోట్లు పొడిచి, ట్వైను దారంతో కుట్టేసేవారు. వ్యవహారం తేలితే తప్ప దారం కోసేవారు కాదు. అలా తేలనివి బీరువా నిండా ఉన్నాయి.

నిర్మల మోకాలి నొప్పితో వారం రోజులు మంచమెక్కింది. సరిగ్గా ఆ వారంలోనే చర్చి కార్యదర్శి ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెం నుంచి బెంజమిన్‌ని పిలిపించాడు. బెంజమిన్‌కి అక్కడ స్కానింగ్ షాపుంది. మంచివాడే, పనిమంతుడు కూడాను. వచ్చిన చిక్కల్లా అక్కడే. నిర్మల కుంటుకుంటూ వచ్చి తలుపు తీసేసరికి బల్లకింద దారాల కుప్ప!

“ఇదేంటండీ బెంజమిన్ గారూ?”

“దారాలుంటే కాగితాలు మిషన్‌లోకి వెళ్లవండీ. అందుకని కోసేశాను. ఉత్తరాలు ఉత్తరాల్లోకి, ఫొటోలు ఫొటోల్లోకి, రసీదులు రసీదుల్లోకి సర్దేశానండీ. చిల్లులున్నచోట నల్లగా మచ్చలు పడుతుంటే కంప్యూటర్లో అవీ తుడిచేశాను. ఎంత నీటుగా ఉన్నాయో చూడండి.”

పెళ్లికొచ్చిన వాళ్లందర్నీ ఎత్తుల ప్రకారం నిలబెట్టేసి, ఇందులో పెళ్లికొడుకెవరో మీరే చూసుకోండి అన్నట్టుంది ఆ సర్దుడు. అసలు కాగితాలేమో మూడు గోనెసంచుల్లో ఉన్నాయి. శనివారం పాత కాగితాల బండివాడికి వేసేస్తారట. నిర్మలకి మహా కోపమొచ్చింది గానీ, పైకి “అలాగా అండీ” అని మాత్రం అంది.

మర్నాడు కొల్లేట్లోని పైడిగుంట లంక నుంచి బాలస్వామి వచ్చాడు. అక్కడి సంఘపెద్ద. వచ్చే ఆదివారం వాళ్ల కొత్త గుడి ప్రతిష్ఠ.

“ఆ రోజుల్లో వరదకి మా గుడి కూలిపోతే, గంట తెచ్చి మీ దగ్గర ఉంచామటండీ. ఇన్నేళ్లకి మళ్లీ కట్టుకున్నాం. మా అమ్మ హెప్సిబాకి ఎనభై ఆరేళ్లు. ఆ గంట మోగుతుంటేనే పెళ్లయిందట ఆవిడకి. ఇంకొక్కసారి వినాలని ఒకటే పోరండీ. మా గంట మాకిచ్చేయండి.”

ఆనంద్ పాల్ కంప్యూటర్లో ఉత్తరాల పెట్టె తెరిపించి గట్టిగా చదివాడు. “‘మా గంటను మీ చర్చికి పంపుచున్నాము. భద్రముగా చూచుకొనగలరు.’ ఇందులో మళ్లీ ఇమ్మని ఎక్కడుందండీ? ఇది కానుక. భద్రంగానే చూసుకుంటున్నాం కదా.”

బాలస్వామి ముఖం చిన్నబోయింది. అమ్మకేం చెప్పను అన్నట్టు తుండుగుడ్డ నలుపుతూ నిలబడ్డాడు. నిర్మలకి ప్రాణం ఉసూరుమంది. ఈ ఉత్తరంతోపాటు ఇంకేవో ఉండేవని ఆవిడకి గుర్తు. ఏవో మాత్రం చచ్చినా గుర్తు రావడం లేదు.

“బెంజమిన్ గారూ, ఆ సంచులు ఇలా కుమ్మరించండి.”

“అమ్మగారూ, నాలుగు రోజులు సర్దానండీ…”

“నేనూ నాలుగు రోజులే తీసుకుంటానండీ.”

సుందరరావుగారికి చెయ్యి వణుకు. దాంతో ఏ రెండు కట్టలకీ పోట్లు ఒకేలా పడేవి కావు. నిర్మల గంట ఉత్తరాన్ని కిటికీకి ఆనించి, ఒక్కొక్క కాగితమే దానిమీద పెట్టి చూడటం మొదలెట్టింది. మూడు చిల్లుల్లోంచీ వెలుగొస్తే చుట్టం, లేకపోతే పరాయి. మొదటిరోజు బెంజమిన్ నవ్వుకున్నాడు. రెండోరోజు కాగితాలు అందించాడు. మూడోరోజు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తనే కిటికీ పట్టుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం టీ తాగే వేళకి ఉత్తరానికి ముగ్గురు చుట్టాలు తేలారు.

ఒకటి ఫొటో. దోనెలో నలుగురు మనుషులు, మధ్యలో గుడ్డ కప్పిన పెట్టె. దీన్ని బెంజమిన్ ‘విహారయాత్రలు’లో వేశాడు. రెండోది లంకవారి చీటీ: ‘హార్మోనియం ఒకటి ముట్టినది.’ ఇది ‘కొనుగోళ్లు’లోకి పోయింది. మూడోది సుందరరావుగారి చేతిరాత: ‘వారు గుడి కట్టుకొన్న నాడు ఎవరిది వారికి చేరవలెను. అప్పటివరకు దారం కోయరాదు.’ ఎవరు, ఏది అని లేదు కాబట్టి ‘ఇతరములు’లో పడింది.

నాలుగూ వరసగా బల్లమీద పరిస్తే చంటిపిల్లాడికైనా అర్థమవుతుంది. వాళ్ల గంట ఇక్కడికి, దానికి పూచీగా మన హార్మోనియం దోనెలో అక్కడికి.

“దారం కోసింది నేనేనండీ,” అన్నాడు బెంజమిన్.

“కోసిన చేత్తోనే దబ్బనం అందుకోండి మరి.”

కబురందుకుని వచ్చిన ఆనంద్ పాల్ నాలుగూ రెండుసార్లు చదివాడు. గంట పోయిందని దిగులుపడ్డవాడు హార్మోనియం దగ్గరికి రాగానే తేరుకున్నాడు. వెంటనే బాలస్వామికి ఫోన్ కొట్టాడు.

“గంట పట్టుకెళ్లండి. మరి మా హార్మోనియం ఏదండీ?”

“కాస్త ఉండండి,” అన్నాడు బాలస్వామి. ఏదో జరిపిన మోత వినిపించింది. “దొరికిందండీ. మా ఇంట్లో టీవీ దానిమీదే ఉంది. పక్కన ‘కాలవగట్టు చర్చి, ఏలూరు’ అని రాసి కూడా ఉందండోయ్. పూలగుడ్డ కప్పేసరికి ఇన్నాళ్లూ ఎవరం చూడలేదు.”

శనివారం పాత కాగితాల బండివాడు వట్టి చేతుల్తో వెళ్లాడు, హార్మోనియం దిగింది, గంట వ్యాను ఎక్కింది. ఆనంద్ పాల్ మహా సంబరంగా తిత్తి కొట్టి మెట్లు నొక్కాడు. అది కుయ్యిమని కూడా అనలేదు గానీ, గదంతా ఎండుచేపల వాసన కొట్టింది. నిర్మల రసీదు రాసింది: ‘హార్మోనియం ముట్టినది. శబ్దం ముట్టలేదు.’

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ రికార్డుల గదిలో ఉండగా బాలస్వామి ఫోన్ చేశాడు. ఫోన్ గంట వైపు పట్టుకున్నట్టున్నాడు. ఖంగు ఖంగుమని మోగుతోంది. మధ్యలో ఒక ముసలి గొంతు, “అదేరా, అదే,” అంటోంది. నిర్మలకి కళ్లు నిండిపోయాయి. నాన్న ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది.

పక్కనే కంప్యూటర్ ముందున్న బెంజమిన్ కూడా విన్నాడు. ఈ నాలుగింటినీ కంప్యూటర్లో జతచేశాడట, ఇప్పుడు ఏది నొక్కినా మిగతావి వెంట వస్తాయట. అది చూపించి, తను స్వయంగా కుట్టిన కట్టని భక్తిగా చేతిలోకి తీసుకుని, కత్తెర అందుకున్నాడు.

“ఎవరిది వాళ్లకి చేరిపోయింది కదండీ. నాన్నగారు రాసినట్టే ఇప్పుడు కోసేయొచ్చా?”

నిర్మల కళ్లు తుడుచుకుని, ముందు ఆ కత్తెర లాక్కుని బొడ్లో దోపుకుంది. తర్వాత నిన్నటి రసీదు తీసి కట్టమీద పెట్టింది.

“శబ్దం ఇంకా రావాలండీ,” అని దబ్బనం అతని చేతికిచ్చింది.