సంచికి కాపలా

కెమెరాలు బాగుచేసే తమ్ముడి దుకాణానికి అక్కా బావా కలిసి వచ్చారు. ముందు నోరు విప్పింది అక్కే.

"ఒరేయ్, సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ ఎక్కడానికి వెళ్తున్నాం. చిన్న కెమెరా ఒకటి చూపించు. నా చేతిసంచిలో పట్టాలి."

అక్క ఆసుపత్రి బట్టలు ఉతికేచోట ముప్పై ఏళ్లు పనిచేసింది. అది నేలకింద గది. కిటికీ లేదు. ఆవిరికి గోడలు చెమటలు కక్కేవి. ఇస్త్రీ చేసి చేసి చేతులు కాయలు కాచాయి. పని మానేసిన రోజున ఎత్తు మీంచి సముద్రం చూస్తానని దుప్పట్లు మడత పెడుతూ అందరికీ చెప్పేది. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి. ఎక్కే మెట్లేమైనా ఉంటే ఈ నెలలోనే ఎక్కేయమని, తర్వాత ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. అందుకే ఈ తొందర.

అద్దాల బల్లలో ఉన్న ఒక కెమెరాని వేలుతో చూపించింది. సబ్బుపెట్టెంత ఉంది.

తమ్ముడు పకపకా నవ్వాడు.

"అది పిల్లలు ఆడుకునేదే అక్కా. బావలాంటి చెయ్యి తిరిగిన మనిషికి అదిస్తే నా పరువేం కాను?"

"నీ పరువు సంగతి సముద్రానికి తెలుసేంట్రా?"

బావ నవ్వలేదు. ఆయన బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి మానేసినవాడు. చెయ్యి తిరిగిన మనిషి అన్న మాట నెత్తికెక్కింది. కళ్లు అప్పుడే పై అరలోకి పాకాయి.

తమ్ముడికీ లోపల ఒక ఆశ ఉంది. బావ తీసిన సముద్రాన్ని పెద్ద బొమ్మ చేయించి దుకాణం ముందు అద్దంలో పెట్టాలి. దారినపోయేవాళ్లు ఆగి చూడాలి. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

పెద్ద కెమెరా కిందికి దించాడు. దగ్గరవాటికి ఒక లెన్సు, దూరంవాటికి ఒకటి, నేలా ఆకాశం ఒక్కసారే పట్టేది ఇంకొకటి. గాలికి కదలకుండా మూడుకాళ్ల స్టాండు. వాన తొడుగు. రెండు బ్యాటరీలు, అవి అయిపోతే ఇంకో రెండు. అన్నీ ఒక సంచిలో కుక్కి, బల్ల మీంచి కుర్చీ మీదికి ఒంటిచేత్తో ఎత్తిపెట్టాడు.

"చూశావా బావా? దూదిమూట."

పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు ఏ ఊరూ తిరిగింది లేదు. ఊళ్లు తిరిగేవాళ్లకి సామాను ఏరిపెడుతూనే తల నెరిసింది. బల్లకీ కుర్చీకీ మధ్య మూడడుగులు. అతను ఆ సంచిని మోసింది అంతే.

"ఇదెవరు మోస్తారు?" అని అడిగింది అక్క.

"నేను మోస్తానే. నీకెందుకు?" అన్నాడు బావ.

తమ్ముడు విన్నాడు. విననట్టు లెన్సు తుడుస్తూ కూచున్నాడు.

వాళ్లు తిరిగొచ్చాక ఒక ఆదివారం పొద్దున, బావ తీసిన బొమ్మలు టీవీలో చూపించడానికి తమ్ముడు అక్క ఇంటికి వెళ్లాడు. అక్క స్టూలు మీద కాళ్లు చాపుకుని కూచుంది. తమ్ముడు తీగ తగిలించి మీట నొక్కాడు.

నీళ్లలో పడవలు. బారులు తీరిన వలలు.

"ఇదెక్కడిదండీ?" అంది అక్క.

"పడవల రేవే. మనం వెళ్లలేదూ?"

"మీరు వెళ్లారు. నేను సంచి దగ్గరున్నా."

పాత కోట గోడ. గోడ కింద ఎర్ర కప్పుల ఇళ్లు.

"ఇది?"

"కోట మీంచి తీసింది."

"అప్పుడూ సంచి దగ్గరే. ఒరేయ్, ఆ సంచికి నేనంటే ఎంత ప్రాణమో, క్షణం వదిలితే ఒట్టు."

తమ్ముడు నవ్వాడు. బావా నవ్వాడు. మూడో బొమ్మకి ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

ఎత్తు మీంచి సముద్రం. ఒడ్డున వెండి, లోపలికి పోయేకొద్దీ నీలం, చివర ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. దుకాణం అద్దానికి సరిగ్గా సరిపోతుందని తమ్ముడు ముందు అనుకున్నది అదే. ఆ తర్వాతే అక్క మొహం చూశాడు.

అక్క కాళ్లు కిందికి దించి ముందుకి వంగింది.

"ఇదేనా?"

"నువ్వు ఎక్కలేదా అక్కా?"

"మెట్లు సన్నం. సంచితో పైకి వద్దన్నాడు అక్కడి మనిషి. కింద వదిలేస్తే ఎవడైనా ఎత్తుకుపోతాడని మీ బావకి బెంగ. ఆయన కెమెరా, స్టాండు తీసుకుని ముందెక్కారు. దిగాక నేనెక్కుదామనుకున్నా. మొదటిరోజు మబ్బేసిందని మబ్బు విడేదాకా పైనే ఉన్నారు. రెండోరోజు వెలుతురు బాగుందని దిగలేదు. దిగేసరికి గేటు మూసేశారు."

"మూడోరోజు?"

"మూడోరోజు రైలు."

"అరగంటే అనుకున్నా" అన్నాడు బావ గొణిగినట్టు.

తమ్ముడు టీవీ దగ్గర్నుంచి వచ్చి అక్క పక్కన కూచున్నాడు. ఎన్నడూ ఎవరి దగ్గరా తప్పు ఒప్పుకోనివాడు.

"తప్పు నాది అక్కా. నువ్వడిగింది ఇచ్చుంటే ఆ సంచే ఉండేది కాదు. బావ బొమ్మ దుకాణంలో పెట్టుకోవాలని నాకు కక్కుర్తి."

"పెట్టుకో. బాగానే ఉందిగా."

తిట్టినా బాగుండేది.

"మళ్లీ వెళ్దాం. నేనూ వస్తా. కింద ఎన్ని గంటలైనా కూచుంటా."

అక్క మోకాళ్ల మీద చెయ్యి వేసింది. "వీటినడుగు."

తర్వాత అక్క మొగుడి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలన్న ఆరాటమే ఉంది.

"ఏవండీ, పైన గాలి ఎలా ఉంది?"

"గాలా?" బావ ఆలోచించాడు. "స్టాండు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నానే..."

"అలల చప్పుడు అంత ఎత్తుకి వినిపిస్తుందా?"

బావ కళ్లజోడు తీశాడు. చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు.

"ఏమోనే. చూసుకోలేదు."

"అయితే ఇద్దరం చూళ్లేదన్నమాట" అంది అక్క.

తమ్ముడు తరవాతి బొమ్మ పెట్టేద్దామని టీవీ దగ్గరికి వెళ్లాడు. వెళ్లాడే గానీ చెయ్యి రాలేదు. అలాగే నిలబడ్డాడు.

"కాస్త పక్కకి జరగరా" అంది అక్క. "అడ్డొస్తున్నావు."