మాల కింద పిడుదు

మా ఆయన వెంకటరాముడు అయ్యప్ప మాల వేసుకున్న రోజు నుంచి నన్ను "అమ్మా" అని పిలుస్తున్నాడు. దీక్షలో ఆడవాళ్ళందరూ అమ్మలేనట. సరే, పిలవనీ అని నేనూ "స్వామీ" అంటున్నాను. ఈ అరబ్బు దేశంలో, జాబ్రియా అనే పేటలో ఒకే ఇంట్లో ఆయన డ్రైవరు, నేను వంటమనిషిని. ఆయన పడక గేటు పక్క గదిలో, నాది మేడ మీద. ముట్టుకోకుండా ఉండడం మాకేమీ కొత్త కాదు.

మొక్కు మా పాప లిఖిత కోసం. గుండెలో రంధ్రంతో పుట్టింది. పోయినేడు ఆపరేషన్‌కు నేనొక్కదాన్నే ఊరికి పోయాను, ఈయన సెలవు దొరక్క ఇక్కడే ఉండిపోయాడు. "నా బిడ్డ బతికితే ఏ నియమమూ తప్పకుండా మాల వేసి, ఉత్త కాళ్ళతో కొండెక్కుతా" అని మొక్కుకున్నాడు. బతికింది. రాయచోటిలో మా చెల్లెలి దగ్గర ఉండి బడికి పోతోంది. పై వారమే ఈయన ప్రయాణం.

కొండకు కాళ్ళు అలవాటు పడాలని శుక్రవారాలు ముత్లా గుట్ట మీద నడక పెట్టుకున్నాడు. తోడు పుల్లయ్యస్వామి. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో తోటపని చేస్తాడు, ఆయనా మాలలోనే ఉన్నాడు. మా యజమాని సెలవురోజు పాత కారు వాడుకోనిస్తాడు. అన్నం డబ్బాలు మోసుకుంటూ వెనక నేను.

మా వీధి క్లినిక్కులో నర్సు విజయదుర్గ, కోనసీమ పిల్ల, ముందే చెప్పింది. "ఒంటెలు పడుకునే చోట కూర్చోకండక్కా, ఒంటికి కరుచుకుని రక్తం పీల్చే పిడుదులుంటాయి. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోవాలండి. బట్టల మీద పురుగుల మందు కొట్టుకోండి. ఇంటికొచ్చాక ఒళ్ళంతా చూసుకోండి" అంది. నేను అన్నీ చేశాను. స్వాములు చెప్పులే వేసుకోరు, ఇంక మేజోళ్ళా! మందు వాసన కూడా పడదన్నారు. పైగా గుట్ట దిగి, సరిగ్గా ఒంటెల పెంటికలున్న నీడ చూసుకుని, కండువాలు పరుచుకుని హాయిగా నడుం వాల్చారు. నేను అరిచాను.

"అయ్యప్ప చూసుకుంటాడులేమ్మా" అన్నాడు మా ఆయన.

కారు దగ్గరికొచ్చి కండువా దులుపుకుంటూ మెడ వెనక గోక్కున్నాడు. చూద్దును గదా, మాల పూసల కింద మిరియపు గింజంత పిడుదు, మూతి లోపలికి దించి కూర్చుంది.

పుల్లయ్యస్వామి వెంటనే సంచిలోంచి కర్పూరం తీశాడు. "ఒక్క బిళ్ళ అంటిచ్చి సెగ చూపిస్తే అదే రాలి పడతాది. మా గొర్లకు బీడీతో ఇట్లనే కాలుస్తాంటిమి."

"ఆయనేం గొర్రె కాదు, నువ్వుండు స్వామీ" అని విజయదుర్గకు ఫోన్ కలిపాను.

"వద్దండక్కా, అస్సలు కాల్చకండి! నూనె కూడా రాయొద్దు. కెలికితే దాని ఒంట్లో ఉన్న రోగమంతా ఆయన ఒంట్లోకి కక్కుద్ది. ప్లక్కరుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగండి. గోరుతో చిదమొద్దు. ఎంత తొందరగా తీస్తే అంత మంచిది" అంది.

కనుబొమ్మలు తీసుకునే ప్లక్కరు నా సంచిలో ఉంది. పుల్లయ్యస్వామికిచ్చాను. ఆయనకు దగ్గరివి ఆనవు. రెండుసార్లు మాంసం గిచ్చాడు. మా ఆయన కెవ్వుమన్నాడు.

"నా వల్ల కాదమ్మా, నాకు రెండు పిడుదులు కనపడతాండాయి" అని చేతులెత్తేశాడు.

ఖుబ్బూస్ రొట్టెల కవరు చేతికి తొడుక్కుని, ప్లక్కరు తీసుకుని నేను ముందుకొచ్చాను. మా ఆయన వెనక్కి జరిగాడు.

"నువ్వు ముట్టుకోగూడదు."

"కవరుండాది గదా."

"కవర్లో చెయ్యి ఎవరిది? మొక్కు పాప పేరు మీద ఉండాది. నియమం తప్పితే, పాపకేమన్నా అయితే?"

"క్లినిక్కుకు పోయినా విజయదుర్గే గదా తీసేది? ఆయమ్మ ఆడమనిషి కాదా?"

"ఆమె అమ్మతో సమానం. నువ్వు పెండ్లానివి."

ఒళ్ళు మండిపోయింది. కానీ భయం నాకు మాత్రం లేదా? ఆపరేషన్ రోజు చల్లబడిపోయిన ఆ చిన్న పాదాలు ఇంకా నా అరచేతిలోనే ఉన్నాయి.

"బిడ్డను లోపలికి ఎత్తిచ్చింది నేను" అన్నాను. "తలుపు బయట కూర్చున్నిందీ నేనే. బిడ్డ బతికింది. ఇప్పుడు బిడ్డకు నాయన ఉండల్ల. తప్పు తగిలితే నాకు తగలనీ. వంగు."

మా ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత బానెట్ మీద చేతులు ఆనించి మెడ వంచాడు.

ఎడమచేత్తో పూసలు పైకెత్తి పట్టుకున్నాను. ఆయన వీపు వెచ్చగా తగిలింది. "స్వామియే శరణం" అని గొణుగుతున్నాడు. ప్లక్కరుతో పిడుదు మూతి దగ్గర పట్టి లాగాను. అది చర్మాన్ని గుడారంలా లేపి, చాలాసేపటికి, కాళ్ళు ఆడిస్తూ ఊడొచ్చింది. నీళ్ళ సీసాలో వేసి మూత బిగించాను. సబ్బుతో ఆయన మెడ కడిగాను, నా చేతులు కడుక్కున్నాను.

"రెండు వారాలు జొరం వస్తుందేమో చూసుకోండక్కా. వస్తే ఊళ్ళో ఉన్నా సరే, పిడుదు కుట్టిందని డాక్టరుకి ముందే చెప్పమనండి" అంది మళ్ళీ ఫోన్ చేస్తే విజయదుర్గ.

సరేనని పెట్టేసి, తడి చేతులతోనే చెల్లెలికి వీడియో కాల్ చేశాను. మా ఆయన వచ్చి నా భుజం పక్కన నిలబడ్డాడు.

లిఖిత ఫోనెత్తింది. నోటి నిండా బొరుగులు.

"ఎట్లుండావ్ పాపా?" అన్నాను.

"ఆడుకుంటాండా."

"ఆయాసమేమన్నా ఉందేమో అడుగు" అన్నాడు ఆయన మెల్లగా.

"ల్యా నాయనా! అందురూ దాంకున్యారు, నేనే కనుక్కోవల్ల. పెట్టెయ్ మా!" అని ఫోన్ మంచం మీదికి విసిరేసింది. తెర మీద మాకు ఇంటి పైకప్పు మాత్రమే కనిపించింది. మిద్దె మెట్ల మీద దడదడమని దాని పరుగు వినబడుతోంది. ఆ చప్పుడు పైదాకా పోయి ఆగేవరకూ ఇద్దరమూ ఫోన్ కట్ చేయలేదు.