గుండుకొక్కుల జాడ

ఆదివారం పొద్దున్నే లత స్కూటీ వేసుకుని వచ్చి వాకిట్లో హారన్ కొట్టిందంటే ఏదో పని పడిందనే అర్థం. ఊరికే వచ్చే మనిషి కాదు. సత్తమ్మకు ఆ సంగతి తెలుసు, అయినా ఆమె మొహం విప్పారింది. లత ఆమె మరిది భార్య. చెల్లెళ్లు లేని సత్తమ్మకు పద్దెనిమిదేళ్లుగా చెల్లెలంటే ఆమే.

“అక్కా, జల్దీ తయారుగా. మా మేడం ఫాంహౌస్‌ల ఇయ్యాల ఇరవైమంది చుట్టాలు. కొక్కుల కూర కావాల్నంట. గది నీలెక్క నాకు రాదు.”

“కొక్కులు యాడియే?”

“మార్కెట్ల కొన్నరు,” అంది లత, స్కూటీ అద్దంలో బొట్టు సర్దుకుంటూ.

డబ్బాల్లో పెట్టి అమ్మే చిన్న పుట్టగొడుగులనుకుంది సత్తమ్మ. వాటికి రుచీ పచీ ఉండదని ఆమె అభిప్రాయం. కానీ లత అడిగితే కాదనడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. చీర మార్చుకుని వెనక కూర్చుంది.

ఫాంహౌస్ మేడ్చల్ రోడ్డు మీద ఉంది. లత అక్కడ వంటమనిషి. వంటగదిలో బండ కింద ఒక గోనెసంచి ఉంటే సత్తమ్మ దాని మూతి విప్పింది. విప్పిన చేయి అక్కడే ఆగిపోయింది.

లోపల ఉన్నవి గుండుకొక్కులు. గొడుగూ లేదు, కాడా లేదు, ఒక్కొక్కటి పసిపిల్ల తలకాయంత, తెల్లగా, నున్నగా. అడుగున ఎర్రమొరం, మొరానికి అంటుకుని జామాయిల్ ఎండుటాకులు. శామీర్‌పేట చుట్టుపక్కల ఎర్రమొరానికీ జామాయిల్ తోటలకీ కొదవ లేదు. గుండుకొక్కులు మాత్రం, సత్తమ్మకు తెలిసినంతలో, ఒక్కచోటే లేస్తాయి.

ఆ చోటును ఆమెకు తల్లి చూపించింది. తల్లికి మేనత్త చూపించింది. జాడ తెలిసినవాళ్లు తమ బతుకంతటిలో ఒక్కరికే దాన్ని చూపాలి, రెండోవాళ్లకు చూపితే ఆ నేల మొహం తిప్పుకుంటుంది. అన్నిటికన్నా పెద్దదాన్ని కోయకూడదు. అది అక్కడే ఎండి, పగిలి, దాని పొడి గాలికి లేవాలి. మరుసటి ఏటికి అదే విత్తనం.

పదిహేనేళ్ల కింద లతకు తొలికాన్పులో బిడ్డ పుట్టీపుట్టగానే పోయింది. నెల దాటినా ఆమె మెతుకు ముట్టలేదు. డాక్టర్లయ్యారు, మొక్కులయ్యాయి. చివరికి సత్తమ్మ ఆమెను చేయి పట్టుకుని జామాయిల్ తోటలోకి తీసుకుపోయి గుండుకొక్కులు చూపించింది. వాటిని చూసి లత నవ్వింది, తన చేత్తో కోసింది, ఆ పూట రెండు జొన్నరొట్టెలు తిన్నది. సత్తమ్మ కూతురు స్రవంతికి దక్కాల్సిన జాడ అలా లతకు పోయింది. పోయినందుకు సత్తమ్మ ఏనాడూ చింతించలేదు. లత చూపాల్సిన ఆ ఒక్కరు స్రవంతేనని వాళ్లిద్దరూ ఆ రోజే ఒట్టేసుకున్నారు.

“మార్కెట్ల కొన్నరంటివి?” అంది సత్తమ్మ.

“మెల్లగ మాట్లాడక్కా. మేడం ఇంటది.”

“ఎవలకు సూపిచ్చినవే జాడ?”

“మేడంకే. కారు తోటదాంక పోదు గద, డ్రైవర్, తోటమాలి సుత వచ్చి మోసిండ్రు. ఏమైతదక్కా? గా నేల మనం కొన్నదా?”

“పెద్దది?”

లత సంచి వైపు చూసింది. సత్తమ్మ సంచిలో చేయి పెట్టి తీసింది. గుమ్మడికాయంత ఉంది.

“అక్కా, గా చిన్న చిన్నయి గుడ్లలెక్క ఉన్నయ్ సూడు. గవి మంచియేనా? నాకు భయమైతాంది. గందుకే నిన్ను తెచ్చిన.”

అదీ అసలు సంగతి. కూర చేతకాక పిలవలేదు. జాడ ఊరందరికీ చూపించి, ప్రాణాల పూచీ మాత్రం అక్క నెత్తిన పెట్టడానికి పిలిచింది. సత్తమ్మకు ఒళ్లు మండిపోయింది. సంచి అక్కడే కుమ్మరించి పోదామనుకుంది. బయట పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపించింది. వాళ్లేం పాపం చేశారు?

కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. ప్రతిదాన్నీ నిలువునా రెండు చెక్కలు చేసి చూసింది. లోపల పనీర్‌లా తెల్లగా, గట్టిగా ఉన్నవి ఒక పక్కన పెట్టింది. పచ్చబారినవి పారేసింది. గుడ్లలాంటి నాలుగింటిని కోస్తే లోపల ముడుచుకున్న చిన్న గొడుగు బొమ్మ కనిపించింది. అవి కొక్కులు కావు, విషం. “గొయ్యి తీసి పాతిపెట్టు. పశువులు సుత ముట్టొద్దు,” అంది. పెద్దదాన్ని ఆఖరున కోసింది. లోపలంతా పచ్చబడి మెత్తగా ఉంది. కూరకు పనికిరాదు, ఇక విత్తనానికీ పనికిరాదు. అప్పుడు మాత్రం ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

పైతోలు ఒలిచి, ముక్కలు కోసి, ఉల్లిగడ్డ ఎర్రబడ్డాక వేసింది. ఉప్పు ముందే వేస్తే నీళ్లు కారి ముక్క చప్పబడుతుంది కాబట్టి చివర్లో వేసింది. ఎంత కోపంలోనూ ఆమె చేయి కూర చెడగొట్టలేదు.

వాసనకు మేడం లలితకుమారి ఫోన్ పట్టుకుని లోపలికొచ్చింది. “లతా, మొన్న చెప్పావే, మీ అవ్వ సంగతి. వీడియో కోసం ఇంకోసారి చెప్పు.”

లత కొంగు సర్దుకుని చెప్పింది. బిడ్డ పోయిందట. అన్నం మానేసిందట. వాళ్ల అవ్వ చేయి పట్టుకుని తోటలోకి తోల్కపోయిందట. నవ్విందట, రెండు రొట్టెలు తిన్నదట. ఒక్క మాట తప్పు పోలేదు, మనిషి ఒక్కటే మారింది.

“అయ్యో పాపం,” అంది మేడం. ఫోన్ సత్తమ్మ వైపు తిప్పి, “ఈమె ఎవరు?” అని అడిగింది.

“మా ఊరామె మేడం. కోసిచ్చేటందుకు తెచ్చిన.”

జాడ పోయినప్పుడు మండింది. ఈ మాటకు మండలేదు, లోపల ఏదో చల్లబడిపోయింది. సత్తమ్మ పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, గేటు దాటి రోడ్డెక్కింది. 

ఇంటికొచ్చేసరికి స్రవంతి తల ఆరబెట్టుకుంటోంది. తుర్కపల్లిలో ఒక ల్యాబ్‌లో పని, ఆదివారమే సెలవు. తల్లి మొహం చూసి ఏమైందని అడిగింది. సత్తమ్మ అంతా చెప్పింది, చెబుతూ చెబుతూ ఏడ్చింది.

“నమ్మిచ్చి గొంతు కోసిందే. నన్ను ఊరామె అన్నది. నా చేతుల మీద బతికిన పిల్ల!”

కూతురు చిన్నమ్మను నాలుగు తిడుతుందని ఎదురుచూసింది. స్రవంతి తువ్వాలుతో తల తుడుచుకుంటూనే ఉంది.

“ఇగ నీకు నేనే సూపిస్త బిడ్డా. కట్టుబాటు లేదు, ఏం లేదు. ఇప్పుడే పోదాం, లే.”

“వద్దమ్మా.”

“వద్దేంది? నీది గదనే అది!”

“నాకు తొమ్మిదేండ్లప్పుడు మీ ఎనకాల్నే ఉరికొచ్చిన. కంచె కాడ నన్ను ఆపినవ్. కదిల్తే కాళ్లిరగ్గొడ్త అన్నవ్. చిన్నమ్మ చెయ్యి పట్కొని లోపలికి పోయినవ్. వాన కొట్టింది. మీరొచ్చేదాంక గాడనే నిలవడ్డ.”

“ఆమెకు బిడ్డ పోయుండెనే అప్పుడు…”

“ఎర్కేనమ్మా. చిన్నమ్మ మీద నాకు కోపం లేదు.” స్రవంతి తువ్వాలు మడిచింది. “అప్పటిసంది నేను కొక్కులు తినలే.”

సత్తమ్మకు అర్థం కాలేదు. ఏటా తొలకరికి వండింది, ఏటా కూతురి కంచంలోనే ముందుగా, మొగుడికి తర్వాత వడ్డించింది. “తిన్నవ్ గదనే. నా చేత్తోని పెడ్తి గద.”

“బాపు కంచంల ఏస్తుంటి. నువ్వు చిన్నమ్మకు గిన్నెల కట్టుకుంట ఉంటివి. ఒక్క ఏడాదన్న నా దిక్కు సూసినవా?”