కొక్కెం మీద దగ్గు

తెల్లారేసరికి కబేళాలో మొదటి పశువు కొక్కేనికి ఎక్కేది. ముద్రాయన ఆ తర్వాత తీరిగ్గా వచ్చేవాడు. సైకిలు గోడకి ఆనించి, రబ్బరు బూట్లు తొడుక్కుని, నీలం సిరా సీసా మూత తీసి చూసి, "మళ్ళీ నీళ్ళు కలిపార్రా ఇందులో!" అని ఎవరినో ఒకరిని తిట్టి, అప్పుడు పనిలోకి దిగేవాడు. మాంసం బాగుందని ముద్ర వేసే ఉద్యోగం ఆయనది. ముద్ర పడితే బజారుకి, పడకపోతే వెనకనున్న సున్నపు గోతికి. మధ్యలో ఇంకో దారి లేదు. ఆయన అసలు పేరేమిటో జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

దవడ కింద బిళ్ళలు కోసి చూడాలి, కార్జం ఒత్తి చూడాలి, ఊపిరితిత్తులు వేళ్ళతో తడమాలి. లోపల సున్నపు రవ్వలాంటి గింజలు తగిలాయా, అది క్షయ. అయితే క్షయ దగ్గరికొచ్చేసరికి ఆయన వేళ్ళకి పెద్ద శ్రమ ఉండేది కాదు. క్షయ పట్టిన తిత్తులు కొక్కేనికి తగిలించగానే ఉబ్బి, దగ్గడం మొదలెట్టేవి. పశువు చచ్చి, తోలు ఊడి, గుండెకాయ వేరే పళ్ళెంలో ఉన్నా సరే, తిత్తులు దగ్గేవి. అదీ పశువు దగ్గు కాదు, మనిషి దగ్గు. ఆ పశువు నుంచి రోగం ఎవరికి అంటిందో వాళ్ళ గొంతుతో దగ్గేవి. ఆ మనిషికి ఇంకా ఒళ్ళు వెచ్చబడక ముందే, ఛాతీలో నొప్పి పుట్టక ముందే దగ్గేవి. ఎవరికీ అంటకపోతే ఉత్త గాలి వదిలి ఊరుకునేవి.

అదేం వింతని అక్కడెవరూ బుగ్గలు నొక్కుకునేవారు కాదు. "ఇది మన పాలాయన దగ్గులా ఉందే" అని ఒకరంటే, "ఆయనే, చివర్న ఆ ఈల చూడు" అని ఇంకొకరు. సాయంత్రం ఇంటికెళ్తూ పాలాయన గుమ్మం ముందాగి, రేపు ఆస్పత్రికి పోవయ్యా అని చెప్పి పోయేవారు. ఒకసారి తిత్తులు అచ్చం గుమస్తాలా దగ్గితే, ఆయన పక్కగదిలోంచి "ఎవడ్రా నన్ను వెక్కిరించేది?" అని కేకలేశాడు. మర్నాడే మందులు మొదలుపెట్టాడు, బతికి బట్టకట్టాడు.

పశువుని తెచ్చినవాళ్ళకి మాత్రం ఆ దగ్గంటే గుండెల్లో రాయి పడేది. ముద్ర పడ్డాకే డబ్బు చేతికొచ్చేది. ముద్ర పడలేదా, పశువూ పోయె, పైసా రాకపోయె, పైగా గోతిలో పొయ్యడానికి సున్నం ఖర్చు కూడా వాళ్ళ నెత్తినే. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు. అందుకని కొందరు పశువుల్ని కోసే కత్తిమేస్త్రిని మంచి చేసుకుని, తిత్తుల గొంతుగొట్టాన్ని తాడుతో బిగించి కట్టించేవారు. కట్టు కనిపెట్టడంలో ముద్రాయన గద్ద. "విప్పండ్రా బాబూ, పాపం ఊపిరాడట్లేదు దానికి" అని నవ్వుతూనే విప్పించి, నవ్వుతూనే గోతికి పంపేవాడు. కాళ్ళ మీద పడినా కరిగేవాడు కాదు. "నా సొంత చెల్లెలు తెచ్చినా ఇంతేనమ్మా" అనేవాడు. అనకూడని మాట అది. నోటికేం, ఎన్నైనా అంటుంది.

సొంత చెల్లెలే తెచ్చింది.

ఆమె భర్త లారీ నుంచి మూటలు దించుతూ వాటి కిందే పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఒక్క ఎర్రావే ఆ ఇంటిని నడిపింది. ఇప్పుడు దాని పొదుగు ఎండిపోయింది. డొక్కలు బయటపడ్డాయి.

"మేపలేకపోతున్నా అన్నయ్యా" అంది చెల్లెలు, పలుపు చేతిలో పట్టుకుని. "దీని డబ్బుతో కుట్టుమిషను కొనుక్కుంటా. బేరం కూడా ఆడి వచ్చా. ఇవాళ సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు షాపాయన. అది గనక ఇంటికొస్తే ఇంక మాకేం భయం లేదు."

"చిక్కిందే బాగా" అన్నాడు ముద్రాయన.

"మేత లేకనే. నేను మాత్రం ఏమన్నా బలిశానా?" అని నవ్వింది.

పక్కనే ఆమె కూతురు చిట్టి. ఎనిమిదేళ్ళది. ఎర్రావు మెడ మీద చెయ్యి వేసి నించుంది. "మావయ్యా, దానికి నొప్పి లేకుండా చెయ్యమని చెప్తావా?" అనడిగింది.

"చెప్తానే తల్లీ. నువ్వు బయట అమ్మ దగ్గర కూచో."

కత్తిమేస్త్రి పని ముగించి, తిత్తులు తెచ్చి కొక్కేనికి తగిలించాడు. ముద్రాయన ఎదురుగా నించున్నాడు. దగ్గకు, దగ్గకు అని లోపల్లోపలే బతిమాలాడు. తిత్తులు మెల్లిగా ఉబ్బడం మొదలెట్టాయి. అంతే, ఆయన చెయ్యి ఆయనకి తెలీకుండానే ముందుకెళ్ళి గొంతుగొట్టాన్ని పిసికి పట్టుకుంది. రెండో చేత్తో తాడు అందుకుని, చుట్టలు చుట్టి, బిగించి ముడేశాడు.

"మేస్త్రీ, నువ్వేం చూళ్ళేదు" అన్నాడు.

"ఏం చూశాను? నా కళ్ళల్లో రక్తం చిందింది" అన్నాడు మేస్త్రి, మొహం అటు తిప్పుకుని.

చెల్లెలి కోసమే కట్టానని ముద్రాయన తనకి తాను చెప్పుకున్నాడు. సగం నిజం. రోజూ సాయంత్రం టీ తాగేది ఆ ఇంట్లోనే, ఆ పాలతోనే. ఆ గొట్టంలోంచి తన దగ్గే వస్తే? ఛ, టీ పాలు కుతకుతా కాగుతాయి కదా, ఏమవుతుంది అని సర్దిచెప్పుకున్నాడు. పాలు పోయించుకునే వాళ్ళందరూ కాచుకునే తాగుతారు. ఎవరికీ అంటదు. మాంసం కూడా ఉడికించుకునేగా తింటారు? ఎన్నాళ్ళుగానో ఎదుటివాళ్ళ నోట విని కొట్టిపారేసిన మాటలన్నీ ఇప్పుడు తన నోటికే ఎంత తియ్యగా ఉన్నాయో! ముద్ర తీసి సిరాలో అద్దాడు.

తొట్టి దగ్గర పేగులు కడిగే ముసలమ్మ తలెత్తింది. ఆమెని అందరూ పేగులవ్వ అంటారు. "ఏం బాబూ, ఇది దగ్గలేదే?"

"దగ్గలేదవ్వా."

"మీ చెల్లెలిదట కదా. పోన్లే, ఆ తల్లి కష్టం గట్టెక్కింది. ఇందాక నీళ్ళకెళ్ళినప్పుడు ఆ పిల్ల కూచుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఏంటే అంటే, ఇంక నాకు గుమ్మపాలు ఎవరిస్తారంటుంది! వాళ్ళమ్మ పితగ్గానే, నురగ చావకుండా, ముందు గ్లాసు దానికే పట్టేదంట. తర్వాతే ఎవరికైనా. ఒక్కగానొక్క పిల్ల, బలం రావాలని. తల్లి ప్రాణం కదా బాబూ."

అవ్వ మళ్ళీ తొట్టిలో చేతులు పెట్టింది.

ముద్రాయన ముద్ర పట్టుకునే ఉండిపోయాడు. సిరా బూటు మీద కారింది. ఊరందరికీ కాగిన పాలు. పచ్చిపాలు ఒక్క చిట్టికే. అందరికంటే ఎక్కువ ప్రేమించిన పిల్లకే.

ముడి విప్పితే కుట్టుమిషను పోతుంది. విప్పకపోతే? ఏమో, పిల్లకి ఏమీ లేదేమో. నిన్న కూడా వీధంతా పరిగెత్తింది కదా! ఒకవేళ ఉంటే రేపో మాపో తనే దగ్గుతుంది, అప్పుడు చూపించుకోవచ్చు. అలా అప్పుడు చూద్దామని ఊరుకున్నవాళ్ళ శవాల వెనక ఆయన నడిచాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముద్ర బల్ల మీద పెట్టేసి ముడి పట్టుకున్నాడు.

"పిచ్చెక్కిందా? కట్టిందీ నువ్వే, విప్పేదీ నువ్వేనా?" అన్నాడు మేస్త్రి.

తాడు తడికి బిగుసుకుపోయింది. గోళ్ళకి రాలేదు. "కత్తి ఇవ్వు" అన్నాడు.

తాడు తెగింది. తిత్తులు ఒక్కసారి నిండుగా ఊపిరి తీసుకుని దగ్గాయి. చిన్న దగ్గు. రెండుసార్లు దగ్గి, చివర్న గుటక వేసినట్టు ఒక చప్పుడు. పెద్దవాళ్ళు నిద్రపోతున్నారు, చప్పుడు చెయ్యకే అంటే చిట్టి దగ్గుని మింగుకునే చప్పుడు అది. ముద్రాయన చేతిలో కత్తి బల్ల మీద పెట్టేశాడు. పేగులవ్వ తొట్టిలోంచి చేతులు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి తెగిన తాడు ముక్కని కాలితో పక్కకి నెట్టాడు.

"గోతికి" అన్నాడు ముద్రాయన.

బయట చెల్లెలు బెంచీ మీంచి లేచి ఎదురొచ్చింది. అన్న చూపుడువేలికి సిరా ఉందేమోనని చూసింది. ముద్ర వేసి వచ్చాడంటే అది తడి సిరాతో నీలంగా ఉంటుందని ఆమెకి తెలుసు. ఇవాళ దానికి తాడు ఒరుసుకున్న ఎర్రటి చార ఉంది.

"వెయ్యలేదా?"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వెయ్యలేదా అన్నయ్యా? నా గొడ్డుకేనా నీ నీతి గుర్తొచ్చింది? తోడబుట్టినదాన్ని, మొగుడు పోయినదాన్ని, నా నోటి దగ్గర కూడు లాగేశావు కదా! నీకు చేతులెలా వచ్చాయి?" ఆమె గొంతు వీధంతా వినబడింది. దారిన పోయేవాళ్ళు ఆగారు. ఆయన తల దించుకుని అన్నీ పడ్డాడు.

గోతికి తీసుకెళ్ళేదాకా తిత్తులు దగ్గుతూనే ఉంటాయి. గోడ అవతల మళ్ళీ వినబడింది. రెండు దగ్గులు, ఒక గుటక.

చెల్లెలు ఠక్కున మాట ఆపి కూతురి వైపు తిరిగింది. చిట్టి బెంచీ మీద బుద్ధిగా కూచుని ఉంది. నోరు మూసే ఉంది. గోడ వైపు చెవి పెట్టి, ఆశ్చర్యంగా తల్లిని చూసింది.

"అమ్మా, లోపల నేను దగ్గుతున్నానేంటే?"

చెల్లెలికి ఎవరూ ఏమీ విడమర్చి చెప్పలేదు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. "నేనే పట్టాను అన్నయ్యా ఆ పాలు, నా చేత్తో" అని మాత్రం అంది. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఇంకా మించిపోలేదే, పద" అన్నాడు.

చిట్టిని సైకిలు వెనక కూచోబెట్టి ఆయన నడిపిస్తున్నాడు, పక్కన చెల్లెలు. ఆస్పత్రికి బజారు మీంచే పోవాలి. కుట్టుమిషన్ల షాపాయన వాళ్ళని చూసి గుమ్మంలోకొచ్చాడు. "అమ్మా, మీ మిషను తుడిచి పక్కన పెట్టాను!" అని కేకేశాడు.

చెల్లెలు తల తిప్పలేదు. నాలుగడుగులకోసారి వంగి కూతురి వీపుకి చెవి ఆనిస్తోంది. అక్కడ ఇంకా ఏమీ వినబడటం లేదు.