భూమన్న టికెట్ కొన్న మ్యూజియం

భూమన్న పదకొండేళ్లు దోహాలో పనిచేసి, ఇక చాలనుకుని దసరా ముందర ఇంటికి వచ్చేశాడు. గల్ఫు నుంచి వచ్చినవాళ్లు అక్కడి ముచ్చట్లు గంటల తరబడి చెబుతారు. భూమన్న మాత్రం ఎవరడిగినా "మ్యూజియంల డ్యూటీ" అని ఊరుకునేవాడు. మ్యూజియం అంటే ఎలా ఉంటుందో భార్య జమునకు తెలియదు.

పసుపు ఉడకబెట్టడం అయిపోయిన వారం ఆమె పట్టుబట్టింది.

"గంగ ఒడ్డున ఖిల్లల మ్యూజియం పెట్టిన్రట. పోయొద్దాం."

"ఏముంటదే గాడ? పాత సామాన్లు."

"నువ్వు పదకొండేండ్లు చూసినవ్. నేనొక్కపారన్న చూడొద్దా?"

మర్నాడు పొద్దున్నే మెట్‌పల్లిలో బస్సెక్కారు. ఖిల్లా దగ్గర దిగేసరికి, అక్కడివాళ్లు గంగ అని పిలిచే గోదావరి సన్నబడి ఇసుక మేటల మధ్య పారుతోంది. ఖిల్లా నల్లరాతి గోడ నీళ్ల దాకా దిగింది. లోపల రాజుగారి కొలువు జరిగిన మూడు గదులే ఇప్పుడు మ్యూజియం. భూమన్న రెండు టికెట్లు కొని, తన టికెట్టును కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

కత్తులు, హుక్కాలు, ఇత్తడి దీపాలు చూసుకుంటూ జమున రెండో గదికి పోయి వెనక్కి తిరిగింది. మొగుడు పక్కన లేడు. మొదటి గది గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. చూపు సామాన్ల మీద లేదు, వచ్చిపోయే వాళ్ల చేతుల మీద ఉంది.

"ఏందయ్యా, గాడనే నిలబడ్డవ్?"

భూమన్న ఉలిక్కిపడి నవ్వాడు. "నాకే తెల్వలే. కాళ్లు గీడనే ఆగినయ్."

"దినమంత గిట్లనే ఉంటుంటివా?"

"పన్నెండు గంటలు. గోడకు ఆనుకున్నా ఒర్రుతుండె సూపర్‌వైజర్. నేను కాపలున్న అర్రల ఒక నీలం గాజు కూజా ఉండె. ఐదేండ్లు దాని పక్కన్నే ఉన్న. ఆ కూజా ఎవరిదో, ఏ కాలందో ఇప్పటికీ తెల్వది. బోర్డు అరబ్బీల, ఇంగ్లీషుల ఉండె."

జమున అతని చెయ్యి పట్టుకుని ఆ గదిలోనే మూలనున్న పల్లకీ దగ్గరికి తీసుకుపోయింది.

"గీ బోర్డు తెలుగుల ఉంది. ఇను. రాణిగారి పల్లకీ. టేకు కర్ర. మోసేవారు ఎనిమిది మంది."

భూమన్న వంగి చూశాడు. "గీ బొంగు చూడే. భుజాలు ఆనిన కాడ ఎంత నున్నగైందో!"

ఆమె ఒక్కో బోర్డూ చదువుతుంటే అతను వెంట నడిచాడు. మూడో గదిలో కాపలాకు కూర్చున్న ముసలమ్మ గంగుబాయి అతన్ని ఎగాదిగా చూసింది.

"కొడుకా, నువ్వు గూడ గీ పనోనివేనా? ఇందాక గాడికొచ్చినప్పుడు నువ్వు గుమ్మం కాడ నిలబడ్డది చూసే అనుకున్న. నా జోడీదారు ఇయ్యాల రాలే. జర చూస్తవా, రెండు మెతుకులు తినొస్త?"

"ఫికర్ జేయకు అవ్వా, నిమ్మళంగ తిను."

అంగీ సర్దుకుని మొదటి గదికి పోయి పల్లకీ పక్కన నిలబడ్డాడో లేదో, జైనూర్ నుంచి జీపులో వచ్చిన ఆడవాళ్లు పదిమంది లోపలికొచ్చారు. ఒకామె పల్లకీ మీద చెయ్యి వేయబోయింది.

"నో టచ్ ప్లీజ్, మేడం!"

ఆ ఇంగ్లీషుకు ఆడవాళ్లంతా గొల్లుమని నవ్వారు. జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి వేయబోయినామె నవ్వాపుకుని అడిగింది: "గిది ఎవరిదన్నా?"

దోహాలో అతన్ని జనం అడిగింది ఒక్కటే, బాత్‌రూం ఎటు అని. భూమన్న గొంతు సవరించుకున్నాడు.

"రాణిగారిది అక్కా. టేకు కర్ర. ఎనిమిది మంది మోసెటోళ్లు. గీ బొంగు కాడికొచ్చి చూడుండ్రి."

అలా మూడు గదులూ తిప్పాడు. ఎక్కడన్నా తడబడితే వెనక నుంచి జమున అందించింది. గంగుబాయి తిని వచ్చినా మధ్యలో ఆపలేదు. గుమ్మంలో నిలబడి తనూ విన్నది.

మధ్యాహ్నం ఇద్దరూ నీళ్ల వైపు మెట్ల మీద కూర్చుని జొన్నరొట్టెలు, వంకాయ కూర విప్పారు. భూమన్న కాళ్లు బారజాపి, చల్లటి రాతికి నడుం ఆనించి తిన్నాడు. మూడింటి బస్సు పోయింది. ఐదింటికి ఇంకోటి ఉందని ఇద్దరూ లేవలేదు.