బల్ల కింద పెట్టె

నీటి సరఫరా ఆఫీసులో పెద్ద గుమాస్తాకు తెలియని విద్య లేదు. కనీసం ఆయన అభిప్రాయం అది. పదకొండేళ్ల కిందట రెండ్రోజుల కంప్యూటర్ శిక్షణకు వెళ్లి, రెండో రోజు భోజనాల దాకా ఉండి వచ్చాడు. అప్పటినుంచి ఆ ఆఫీసుకున్న ఒకే ఒక్క కంప్యూటర్ విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

ఆ గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు. లోపల దగ్గకూడదు, తుమ్మితే ఇక చెప్పనక్కర్లేదు. వైరస్ మనుషుల నుంచే మిషన్లకు పాకుతుందని ఆయనకు గట్టి నమ్మకం. ఒకసారి టైపిస్టుకు జలుబు చేస్తే మూడు రోజులపాటు ఆ అమ్మాయిని వరండాలో కూర్చోబెట్టి చేత్తో రాయించాడు. పైపుల పటాలు అందులోకి ఎక్కించే కొద్దీ బరువు పెరుగుతుందని బల్ల కాలి కింద చెక్కముక్క దూర్చాడు. ఇంట్లోనూ అదే పెత్తనం. భార్య ఫోను వేడెక్కితే చాలు, లాక్కుని బియ్యం డబ్బాలో పాతిపెట్టేవాడు. ఆవిడ చెల్లెలు ఫోను చేసిందంటే బియ్యం డబ్బా మోగేది.

ఆయన దృష్టిలో కంప్యూటరంటే బల్ల మీదున్న తెర. మెత్తటి గుడ్డతో దాన్ని రోజూ తనే తుడిచేవాడు. బల్ల కింద గుయ్‌మంటూ ఉండే ఇనప్పెట్టె కరెంటు పెట్టె, అంతే. పాత భవనంలో కరెంటు హెచ్చుతగ్గులు ఎక్కువ కాబట్టి పెట్టారని ఆయన లెక్క. చలికాలం దాని మీద కాళ్లు పెట్టుకుంటే వెచ్చగా ఉండేది. కాళ్ల పీటగా అది ఆయనకెంతో నచ్చింది.

ఊళ్లో నేల కింద ఏ పైపు ఎటు పోతుందో, ఏ వాల్వు ఎక్కడుందో చెప్పే పటాలు ఆ ఆఫీసు ప్రాణం. టైపిస్టు ఎనిమిది నెలలు కళ్లు లాగేలా కూర్చుని వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించింది. ప్రతి పటం మూలనా ‘తయారుచేసినవారు’ అన్నచోట పెద్ద గుమాస్తా తన పేరు పెట్టించుకున్నాడు. ఇంకోచోట కూడా ఒక నకలు దాచుదాం సార్ అని ఆ అమ్మాయి అడిగితే, “రెండుచోట్ల ఉంటే కంప్యూటరు తికమక పడదూ?” అని కసిరాడు. ఆపైన, కంప్యూటరు మర్చిపోవడమంటూ ఉండదని ఫైల్లో రాసి, సంతకం చేసి, కాగితం పటాలన్నీ గుజ్జు చేయించాడు.

ఇంత హడావుడీ ఎందుకంటే, కొత్త భవనంలో కంప్యూటర్ శాఖ అని ఒకటి పెడుతున్నారు. దానికి అధికారిగా తనను వేస్తారని, తలుపు మీద తన పేరుతో ఇత్తడి పలక బిగిస్తారని ఆయన ఆశ. చీఫ్ ఇంజనీరు కూడా సగం ఒప్పుకున్నాడు. సోమవారం పదకొండింటికి వచ్చి పటాలు చూస్తాను, అప్పుడు తేలుద్దాం అన్నాడు.

సామాన్లు తరలించే శనివారం నాడు టైపిస్టుకు అడగకుండానే సెలవిచ్చాడు. పక్కన ఆ అమ్మాయి ఉంటే ఘనత పంచాల్సి వస్తుందని ఆయన బెంగ. తెరను రెండు దుప్పట్లలో చుట్టి, వ్యానులో ఒళ్లో పెట్టుకుని, డ్రైవరును గుంతగుంతకీ తిడుతూ తీసుకెళ్లాడు. కొత్త భవనంలో కరెంటుకు ఢోకా లేదని ఎలక్ట్రీషియన్ ముందే చెప్పాడు. అందుకని ఇనప్పెట్టెను విరిగిన కుర్చీలతో పాటు పాత సామాన్ల లారీలో పడేయమని ఆఫీసు ఊడ్చే ఆవిడకు పురమాయించాడు. ఆవిడ ఏదో చెప్పబోయింది.

“నీకెందుకమ్మా, చెప్పింది చెయ్యి” అన్నాడు.

సోమవారం తొమ్మిదిన్నరకు కొత్త భవనం ఎదురుగా మార్కెట్ కూడలిలో పెద్ద పైపు పగిలింది. మోకాటిలోతు నీళ్లు, దుకాణాల్లో గోలగోల. వాల్వు కట్టేస్తేగాని ఆగదు, ఆ వాల్వు ఎక్కడుందో చూపేది పటమే. పదకొండింటికి రావలసిన చీఫ్ ఇంజనీరు పదింటికే, తడిసిన ప్యాంటుతో వచ్చిపడ్డాడు.

“పటం తియ్యండి, తొందరగా!”

పెద్ద గుమాస్తా చెప్పులు విడిచి, తెర వైరును తనే గోడకు గుచ్చి, మీట నొక్కాడు. సిగ్నల్ లేదని తెర మీద అక్షరాలు మెరిశాయి.

“ఓస్, ఇంతేనా! గోడలు మందం కదా సార్, అందట్లేదు” అని, జేబులోంచి ఫోను తీసి గదంతా తిప్పి చూశాడు. కిటికీ దగ్గర నాలుగు గీతలు కనబడ్డాయి. తెరను కిటికీలో పెట్టించాడు. లాభం లేదు. చివరికి ఇద్దరు ఫిట్టర్లు తెరనూ, ఒకడు పొడుగాటి వైరునూ మోసుకుంటూ డాబా ఎక్కారు. “ఇంకాస్త ఎత్తండి, తూర్పుకి తిప్పండి” అని కింద నుంచి పెద్ద గుమాస్తా కేకలు. మార్కెట్లో జనం నీళ్లలో నిలబడి మరీ ఆ వేడుక చూశారు. అంత సేపూ తెర తన మొండిమాటే చెప్పింది. విసిగి దాన్ని దించి, మళ్లీ బల్ల మీదికి చేర్చారు.

అప్పుడే టైపిస్టు వచ్చింది. బల్ల కిందికి వంగి, అక్కడ ఖాళీ చూసేసరికి ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

“సార్, సీపీయూ ఏది?”

“అదేమిటీ?”

“కింద పెట్టె సార్. పటాలన్నీ అందులోనే కదా ఉన్నాయి! పైది ఉత్త అద్దం లాంటిది.”

పెద్ద గుమాస్తా తనూ బల్ల కిందికి వంగి చూశాడు. గుజ్జు చేయించమని ఫైల్లో తను చేసిన సంతకం కళ్ల ముందు కదిలింది. కాగితాలు లేవు, పెట్టె లేదు. ఇక ఊరంతా తవ్వుకుంటూ పోవాల్సిందే, ముందుగా పోయేది మాత్రం తన ఉద్యోగం. నిజంగా ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ల నౌకరీ కాళ్ల పీట దగ్గర ముగిసిందని ఎవరికి చెప్పుకుంటాడు?

“పెట్టె... లారీలో...” అని నసిగాడు.

“లారీలో ఎక్కించలేదయ్యగారూ” అంది గుమ్మం దగ్గర నుంచి ఊడ్చే ఆవిడ. “చీపుళ్లతో పాటు తెచ్చి, ఇక్కడే మెట్ల కింద చీపుళ్ల గదిలో పెట్టాను. మీ దుప్పట్లలో ఒకటి మిగిలితే కప్పాను కూడాను.”

చీఫ్ ఇంజనీరు తిరిగి చూశాడు. “అది ముఖ్యమని నీకెలా తెలుసమ్మా?”

“రోజూ బల్ల కింద ఊడ్చేదాన్ని కదండీ. అమ్మాయిగారు పని చేస్తున్నప్పుడల్లా అందులో చిన్న దీపం టపటప కొట్టుకునేది. వేడెక్కేదీ అదే, రొద పెట్టేదీ అదే. పైది చల్లగా, నిగనిగలాడుతూ కూర్చునేది. పని చేసేదెవరో ఊడ్చేవాళ్లకు తెలియదా?” అని, కాస్త ఆగి, “మనాఫీసులో మిగతా పనులూ అంతేగా” అంది.

ఎవరూ నవ్వలేదు. ఫిట్టర్లిద్దరూ గోడ వైపు తిరిగారు.

పెట్టె వచ్చింది. టైపిస్టు వైర్లు తగిలించింది. రెండు నిమిషాల్లో ఊరి కడుపంతా గీతలు గీతలుగా తెర మీద పరుచుకుంది. మార్కెట్ వాల్వు పాత పిండిమర గోడ వారన ఉంది. ఫిట్టర్లు పరుగెత్తారు.

చీఫ్ ఇంజనీరు పటం మూలకు వంగి పేరు చదివాడు. “తయారుచేసింది మీరేనన్నమాట! భేష్. కూర్చోండి, వాల్వు కట్టేసినా బడి వీధికి నీళ్లు ఆగకుండా ఇంకో దారి ఉందేమో చూపించండి.”

పెద్ద గుమాస్తా కూర్చున్నాడు. మౌసు పట్టుకున్నాడు. పట్టుకోవడం అదే మొదటిసారి. ఒకసారి నొక్కితే పటం మాయమైంది, ఇంకోసారి నొక్కితే తెరంతా తెల్లబోయింది. ఇత్తడి పలక ఆయన కళ్ల ముందు ఒక్క క్షణం మెరిసింది. చల్లగా, నిగనిగలాడుతూ.

“నా వల్ల కాదండీ” అన్నాడు లేచి. “ఇవన్నీ ఈ అమ్మాయే చేసింది. ఎనిమిది నెలలు. నేను పేరు పెట్టించుకున్నానంతే.”

చీఫ్ ఇంజనీరు టైపిస్టుకు కుర్చీ జరిపాడు.

ఆ అమ్మాయి కూర్చుని బడి వీధి దారి వెతకసాగింది. బల్ల కింద చిన్న దీపం టపటప కొట్టుకుంటోంది. పెద్ద గుమాస్తా పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. అలవాటు కొద్దీ కాళ్లు పెట్టె మీదికి చాపబోయి, ఊడ్చే ఆవిడ చూస్తోందని గమనించి, మెల్లగా స్టూలు కిందికి ముడుచుకున్నాడు.