బొగ్గుముక్కతో తొలి అడుగు

హాలు ఊడుస్తున్నాను. ఫెర్గస్ అంకుల్ చేతికర్రతో సోఫా అంచు తట్టి, దాని కింద కూడా అన్నట్టు చూపించాడు. ఎనిమిది కొట్టేలోగా ఇంట్లో పాత ఏడాది దుమ్ము మిగలకూడదు. కొట్టాక ఇక చీపురు ముట్టుకోకూడదు.

అది జనవరి ఒకటో తేదీ పొద్దున. సింగపూర్‌లో మేముండే బిషాన్‌కి కొత్త సంవత్సరం రాత్రే వచ్చేసింది. అంకుల్ దాన్ని పట్టించుకోకుండా పడుకున్నాడు. ఆయన పుట్టిన ఎడిన్‌బరోలో అర్ధరాత్రి అయ్యేసరికి ఇక్కడ పొద్దున ఎనిమిదవుతుంది. అందుకని స్కాట్లండ్ వాళ్ళ సంవత్సరాంతపు రాత్రి విందు ఈ ఇంట్లో కాఫీల వేళకి జరుగుతుంది. మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె, టర్నిప్ ముద్ద, వెన్న బిస్కెట్లు, విస్కీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయనకి రాత్రి భోజనం పొద్దున్నే వడ్డిస్తున్నానని మాలిని ఆంటీ నవ్వుతుంది. ఆవిడ మలేసియాలో పుట్టిన తెలుగావిడ, అక్కడి వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది. నేను యూనివర్సిటీలో చదువుకుంటూ వాళ్ళింట్లో ఒక గదిలో అద్దెకుంటున్నాను.

ఈ విందులో తిండి కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఎనిమిది కొట్టాక మొదట గడప తొక్కిన మనిషిని బట్టి ఆ ఇంటికి ఆ ఏడాది నడుస్తుందట. ఆ మనిషి మగవాడై ఉండాలి, పొడుగ్గా ఉండాలి, జుట్టు నల్లగా ఉండాలి. చేతిలో బొగ్గు తేవాలి. అది ఇచ్చేదాకా నోరు విప్పకూడదు. నిరుడు పై అంతస్తులోని రాగిజుట్టు కుర్రాడు గిన్నె తిరిగివ్వడానికని ముందు వచ్చేశాడు. ఆర్నెల్లలోగా ఫ్రిజ్ పోయింది, ఆ వెనకే అంకుల్ మోకాలు పోయింది. ఈసారి ఆయన మహీధర్‌ని పిలిచాడు.

మహీధర్ చాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేస్తాడు. మంచి పొడగరి. అతనూ, సరోజిని ఆంటీ కూతురు కావ్యశ్రీ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నారు. సరోజిని ఆంటీది మా తణుకు వైపే. ఆవిడ ఒప్పుకోవడం లేదు. కుర్రాడు మరీ నలుపట. వాడు నా గడప తొక్కడానికి వీల్లేదని దీపావళినాడు ఇదే సోఫాలో కూర్చుని చెప్పింది. ఇవాళ ఆవిడనీ పిలిచానని, మహీధర్ వస్తున్న సంగతి మాత్రం చెప్పలేదని, మాంసం 'పై' మీద గుడ్డుసొన పూస్తూ మాలిని ఆంటీ నాతో అంది.

ఫోనులో ఎడిన్‌బరో గంటలు మోగాయి. అంకుల్ గ్లాసు పట్టుకుని వెళ్ళి తలుపు తీశాడు. కటకటాల అవతల సరోజిని ఆంటీ బూరెల డబ్బాతో నిలబడి ఉంది.

ఆయన గబుక్కున గడియ పట్టుకున్నాడు. ఆయనకి తెలుగు నేర్పింది వాళ్ళ అత్తగారు. అందులో 'మీరు' అన్న మాట లేదు.

"ఆగు సరోజినీ. నువ్వు రాకు."

"అదేంటండీ, భోజనానికి పిలిచి వాకిట్లో నిలబెడతారా?"

మాలిని ఆంటీ వచ్చి సంగతి వివరించింది. ఆడవాళ్ళు ముందు అడుగుపెడితే మంచిది కాదట లా, కొంచెం ఓర్చుకో, అని బతిమాలింది.

"అంటే నేను అపశకునాన్నా?"

నేను చీపురు దాచే వంకతో మొహం తిప్పుకున్నాను. కావ్య పరీక్షకి వెళ్తుంటే మంచి శకునంగా ఎదురు రావడానికి నన్ను వాళ్ళుండే జురాంగ్ ఈస్ట్ దాకా పిలిపించి లిఫ్టు ముందు నిలబెట్టింది ఈవిడే.

"నల్లజుట్టేగా కావల్సింది? నాదీ నలుపే," అంది సరోజిని ఆంటీ.

"రంగేసింది లెక్కలోకి రాదు," అన్నాడు అంకుల్.

ఆవిడ ఇంకేదో అనబోతుండగా లిఫ్టు తెరుచుకుంది. మహీధర్ దిగాడు. ఈ ఊళ్ళో బొగ్గు దొరక్క, చివరికి హాకర్ సెంటర్ తిండి కొట్లలో సాటే మాంసపు పుల్లలు కాల్చేవాణ్ణి అడిగి తెచ్చాడట. ఆ పొట్లంతోనే చెమట తుడుచుకున్నట్టున్నాడు, నుదుటి మీద అడ్డంగా మసి. ఆంటీని చూసి ఆగిపోయాడు. మాట్లాడకూడదు కదా, పొట్లం పట్టుకునే రెండు చేతులూ జోడించాడు.

"ఉన్న నలుపు చాలలేదా నాయనా," అంటూనే ఆవిడ పక్కకి జరిగింది. వరండా ఇరుకు, జరగక తప్పలేదు.

అంకుల్ కటకటాలు బార్లా తీశాడు. బొగ్గు అందుకున్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాతే సరోజిని ఆంటీకి లోపలికి రావడానికి అనుమతి దొరికింది. మాంసం 'పై' ముక్కలో ఆవకాయ నంజుకుంటూ మహీధర్ కూర్చున్న వైపు తప్ప అన్ని వైపులా చూసింది. రెండో మోకాలికి ఇక భయం లేదని అంకుల్ విస్కీ పోసుకున్నాడు. పోసుకుని, ఇవాళ మీ ఇంటికి ముందు ఎవరొచ్చారని ఆవిణ్ణి అడిగాడు.

ఇంకా ఎవరూ రాలేదంది. పదింటికి పక్కింటి ఈశ్వరరావుగారు మా గ్రైండర్ తిరిగివ్వడానికి వస్తానన్నారంది.

"జుట్టు?"

ఆవిడ తన నడినెత్తి మీద అరచెయ్యి నున్నగా రాసి చూపించింది. అంకుల్ గ్లాసు కింద పెట్టేశాడు. పరామర్శకి వచ్చినవాడిలా తల అడ్డంగా ఊపాడు.

సరోజిని ఆంటీ నమలడం ఆపింది.

"నిరుడూ ఆయనే వచ్చారు," అంది మెల్లగా. నిరుడు వాళ్ళింట్లో ఏసీ రెండుసార్లు కారి పరుపులు తడిశాయి. ఈశ్వరరావుగారు కావ్యకి తెచ్చిన సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది.

"అందుకే లా," అంది మాలిని ఆంటీ.

సరోజిని ఆంటీ గోడగడియారం వైపు చూసింది. బూరెల డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"మాలినీ, ఆ బొగ్గు ఇంకో ముక్క ఉందా?"

మాలిని ఆంటీ దగ్గర అది అప్పటికే టిష్యూలో చుట్టి సిద్ధంగా ఉంది. సరోజిని ఆంటీ అందుకుని, టర్నిప్ ముద్ద వైపే చూస్తూ, మహీధర్ పళ్ళెం పక్కకి తోసింది.

"ఇంట్లో కావ్య ఉంది. తలుపు తీస్తుంది. పదిలోపే వెళ్ళు. మొహం కడుక్కుని వెళ్ళు."

మహీధర్ నోరు తెరిచాడు. అంకుల్ చేతికర్ర పైకెత్తాడు. అతను నోరు మూసుకుని, బొగ్గు తీసుకుని, లేసులు కట్టుకోకుండానే బూట్లలో కాళ్ళు దూర్చి, ఒక్క మాటైనా లేకుండా గడప దాటి వెళ్ళిపోయాడు. మొహం మాత్రం కడుక్కోలేదు.